మిర్చి అమ్మాలా, ఏసీలో పెట్టాలా: ఒక వ్యాపార నిర్ణయం వెనక ఉన్న లెక్కలు

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా గుంటూరు మిర్చి యార్డులో ఎవరిని కదిలించినా వినిపించే ప్రశ్న ఒకటే. ఇప్పుడున్న రేటుకి అమ్మేయాలా, ఏసీలో (అంటే కోల్డ్ స్టోరేజీలో) పెట్టి ఆగాలా? గుంటూరు చుట్టుపక్కల వందకు పైగా కోల్డ్ స్టోరేజీలు నడుస్తున్నది ఈ ప్రశ్న మీదే. సరుకు పెట్టి ఆగినవాళ్లలో కొందరు ఒక్క సీజన్‌తో ఇల్లు కట్టారు, కొందరు ఉన్న ఇల్లు అమ్ముకున్నారు. మామూలుగా దీన్ని అదృష్టం ఖాతాలో వేసేస్తారు. అదృష్టం వాటా ఉన్నమాట నిజమే గానీ, ఇందులో చాలా సంగతులు కాగితం మీద ముందే తేల్చుకోగలిగినవే. కాస్త అర్థశాస్త్రం, కాస్త వడ్డీ లెక్క, కాస్త గణాంకాలు, కాస్త చట్టం తెలిస్తే చాలు. చిక్కల్లా వీటిని దేనికది విడిగా చూడడంతోనే వస్తుంది. వడ్డీ లెక్క బాగా వచ్చినవాడు ధరల చరిత్ర చూడడు. పదేళ్ల ధరలు కంఠతా వచ్చినవాడు కోల్డ్ స్టోరేజీ ఇచ్చిన బాండు (సరుకు రసీదు) ఎవరి పేరున ఉందో చూడడు.

ధర అసలెందుకు పెరగాలి?

పంటంతా మూడు నాలుగు నెలల్లో వచ్చి పడుతుంది, కారం మాత్రం ఏడాది పొడవునా తింటాం. మధ్యలో ఎవరో ఒకరు సరుకు దాచాలి, దాచినందుకు వాళ్లకి గిట్టుబాటు కావాలి. అందుకే మామూలు ఏడాదిలో మార్చి ధర కన్నా సెప్టెంబరు ధర కొంత ఎక్కువగా ఉండాలి. ఎంత ఎక్కువ అంటే, దాదాపుగా అద్దె, వడ్డీ, తరుగు కలిపినంత. అంతకు మించి పెరుగుతుందని అందరికీ ముందే తెలిస్తే అందరూ మార్చిలోనే కొని దాస్తారు. అప్పుడు మార్చి ధరే ఎగబాకి, ఆ తేడా కాస్తా కరిగిపోతుంది. 'దసరాకి రేటు పెరుగుద్దంట' అన్న కబురు టీకొట్టు దాకా వచ్చిందంటే, ఆ పెరుగుదల చాలావరకు ఇవాళ్టి ధరలో కలిసిపోయినట్టే. ఖర్చులు పోను మిగిలే అసలు లాభం ఎవరూ ఊహించని మార్పు వల్లే వస్తుంది. తెగులో, తుపానో, చైనా నుంచి తేజ రకానికి ఒక్కసారిగా వచ్చిన ఆర్డర్లో కారణం కావచ్చు. కాకపోతే ఊహించని మార్పు రెండు వైపులా వస్తుంది.

వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. 2016లో మంచి రేటు చూసి మరుసటి పంటకి రైతులు ఎగబడి మిర్చి వేశారు. 2017 ఏప్రిల్ నాటికి ధర కుప్పకూలి, ఖమ్మం మార్కెట్‌లో రైతుల కోపం విధ్వంసం దాకా వెళ్లింది. ఆ మే నెలలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకి రూ.5,000 ధర, పైఖర్చులకి రూ.1,250 ప్రకటించాల్సి వచ్చింది. 2021లో నల్ల తామర పురుగు తోటలకు తోటల్నే దెబ్బతీసింది. దిగుబడి పడిపోయి ధర లేచింది. 2023లో తేజ క్వింటా రూ.20,000 దాటింది. ఆ రేటు మీద ఆశతో కోల్డ్ స్టోరేజీలు నిండాయి. చివరికి 2025 ఫిబ్రవరిలో పాత నిల్వలూ కొత్త పంటా ఒకేసారి మార్కెట్ మీద పడ్డాయి. కేంద్రం మళ్లీ రంగంలోకి దిగి ఆంధ్రప్రదేశ్‌లో 2.91 లక్షల టన్నులకి క్వింటా రూ.11,781 చొప్పున జోక్యం ధర ఇచ్చింది.

నిన్నటి ధర చూసి రేపటి పంట వేస్తే ధర ఇలాగే ఒక ఏడు ఆకాశంలో, ఇంకో ఏడు పాతాళంలో తిరుగుతుంది. అర్థశాస్త్రంలో దీన్నే సాలెగూడు సిద్ధాంతం అంటారు. మిర్చికి కనీస మద్దతు ధర లేదు గనక ఈ ఊగిసలాటకి అడ్డుకట్ట కూడా లేదు. పైగా జోక్యం ధర రైతు కోసం పెట్టింది. 'మరీ పడిపోతే గవర్నమెంటు చూస్తుందిలే' అనుకుని కొని దాచిన వ్యాపారికి ఆ భరోసా వర్తించదు.

ఈ పాఠంలో పనికొచ్చే ముక్క ఒకటుంది. వచ్చే పంట విస్తీర్ణం ఆగస్టు, సెప్టెంబరు నాట్లప్పుడు తేలిపోతుంది. ఆ తర్వాత మధ్యప్రదేశ్‌లోని బేడియా వైపు సరుకు దిగడం మొదలవుతుంది. అంటే ఏసీలో ఉన్న సరుకు భవిష్యత్తు మీద నమ్మకమైన సమాచారం వచ్చేది ఆ నెలల్లోనే. సరుకు దాచేవాడు ఆ సమయానికి మళ్లీ లెక్క వేసుకోవాలని ముందే అనుకోవాలి. డిసెంబరు దాకా 'చూద్దాం' అంటూ కూర్చుంటే కొత్త పంట ముంగిట్లోకి వచ్చేస్తుంది, పాత సరుకుని అడిగేవాడుండడు.

ఎంత పెరిగితే గిట్టుతుంది?

లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. చేతిలో 200 క్వింటాళ్లు ఉన్నాయి. మార్చి ధర క్వింటా రూ.13,000. అంటే రూ.26 లక్షల సరుకు. సెప్టెంబరు దాకా ఆరు నెలలు దాచాలి. అద్దె రూ.500, బీమా రూ.40, దించి ఎక్కించే హమాలీ, రవాణా రూ.120 అనుకుంటే క్వింటాకి చేతి ఖర్చు రూ.660. తరుగు 2 శాతం. వడ్డీ ఏడాదికి 12 శాతం, అంటే ఆరు నెలలకి క్వింటాకి రూ.780.

క్వింటా పెట్టిన చోట తీసేది 98 కిలోలే. ఆ 98 కిలోల మీద రూ.13,000, రూ.780, రూ.660 కలిపి రూ.14,440 రావాలంటే సెప్టెంబరు ధర రూ.14,735 ఉండాలి. 13 శాతానికి పైగా పెరిగితేనే మార్చిలో అమ్మినవాడితో సమానమయ్యేది. రేటు రూ.14,500కి వెళ్లినప్పుడు 'పదిహేను వందలు లాభం' అని మురిసిపోయేవాడు నిజానికి నష్టంలో ఉన్నాడు.

ఇక్కడే చాలామంది 'మనది సొంత డబ్బే కదా, వడ్డీ ఎక్కడిది' అంటారు. సొంత డబ్బుకీ వడ్డీ ఉంటుంది. ఆ రూ.26 లక్షలు బ్యాంకులో వేసినా, పాత అప్పు తీర్చినా వచ్చే మేలుని వదులుకుంటేనే సరుకు ఏసీలో ఉంటోంది. వదులుకున్న మేలే ఖర్చు. ఇదే సరుకు పెట్టినవాడు పెట్టుబడికి కమీషన్ వ్యాపారి దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన రైతయితే లెక్క ఇంకా మారిపోతుంది. ఆరు నెలలకి 12 శాతం, అంటే క్వింటాకి రూ.1,560. అతనికి గిట్టుబాటు ధర రూ.15,531. పక్కపక్కనే ఒకే గదిలో ఒకే రకం టిక్కీలు (మిర్చి బస్తాలు) పెట్టిన ఇద్దరికి గిట్టుబాటు ధరలో రూ.800 దాకా తేడా. 'ఫలానా ఆయన పెట్టాడు, మనమూ పెడదాం' అనే తర్కం కూలిపోయేది సరిగ్గా ఇక్కడే. ఆయన వడ్డీ వేరు.

ఇంకో పొరపాటు వెనక్కి చూసే రకం. రూ.20,000కి కొన్న సరుకు ఇవాళ రూ.12,000 పలుకుతోంది. 'కొన్న రేటు వచ్చేదాకా అమ్మేది లేదు' అని పంతం పడతారు. మార్కెట్‌కి ఆ కొన్న రేటుతో పనిలేదు. ఇవాళ తేల్చాల్సింది వేరే: చేతిలో రూ.12,000 నగదు ఉంటే, ఆ డబ్బుతో ఇదే సరుకుని ఇవాళ కొంటామా? కొనం అనిపిస్తే అమ్మేయడమే. పుస్తకాల్లో నష్టం చూపించుకోవడానికి కూడా అమ్మక్కర్లేదు. వ్యాపారి ఏడాది చివర నిల్వ సరుకు విలువని కొన్న ధర, అమ్మితే వచ్చే ధర, ఈ రెండింట్లో ఏది తక్కువైతే దాని ప్రకారమే కడతాడు.

ఏ ధరని నమ్మాలి?

వరంగల్ ఏనుమాముల, ఖమ్మం మార్కెట్లలో పొద్దున్నే జెండా పాట ఉంటుంది. ఆ రోజు మేలైన సరుకుకి పలికిన ధర అది. మర్నాడు పేపర్లో పెద్ద అక్షరాలతో వచ్చేదీ, వాట్సాప్‌లో తిరిగేదీ అదే. కానీ అది ఆ రోజు గరిష్ఠం. ఎక్కువ టిక్కీలు అమ్ముడైన ధర వేరే ఉంటుంది. ప్రభుత్వ మార్కెట్ నివేదికల్లో కనిష్ఠం, గరిష్ఠం పక్కన 'మోడల్ ధర' అని ఇచ్చేది దాన్నే. మచ్చు చూసి కొనే మార్కెట్‌లో రంగు కాస్త తగ్గినా, తాలు కాస్త కలిసినా వెయ్యి, రెండు వేలు కోత పడుతుంది. తన సరుకుని జెండా పాట ధరతో లెక్కగట్టి ఏసీలో పెట్టినవాడు మొదటిరోజే లేని లాభం మీద అద్దె కట్టడం మొదలుపెట్టినట్టు.

ధరల చరిత్రతోనూ జాగ్రత్తగా ఉండాలి. 'పదేళ్లలో ఏడేళ్లు సెప్టెంబరు ధరే ఎక్కువ' అని ఎవరైనా చూపిస్తే అవి పది వేర్వేరు సాక్ష్యాలు కావు. సాలెగూడులో ఒక ఏడాది ధర మరుసటి ఏడాది ధరని తయారుచేస్తుంది. పదేళ్లలో నిజంగా తిరిగిన చక్రాలు మూడో నాలుగో ఉంటాయి. అంత చిన్న లెక్క మీద లక్షలు పెట్టలేం. దీనికి తోడు, దాచి లాభపడినవాడి కథ ఊరంతా తిరుగుతుంది. మునిగినవాడు మాట్లాడడు, కొన్నాళ్లకి వ్యాపారంలోనే కనిపించడు. మనకి వినిపించేవన్నీ మిగిలినవాళ్ల కథలే.

సగటు కన్నా పంపకం ముఖ్యం. సెప్టెంబరు ధర మీద ఒక అంచనా అనుకుందాం: పదింట మూడు వంతులు రూ.18,000, నాలుగు వంతులు రూ.14,000, మూడు వంతులు రూ.10,500. సగటు రూ.14,150. మార్చి ధర కన్నా రూ.1,150 ఎక్కువే, చూడ్డానికి ఆశగానే ఉంటుంది. కానీ గిట్టుబాటు రూ.14,735. సగటున ధర పెరిగే అవకాశం ఉండి కూడా సగటున నష్టం. లాభం వచ్చేది పదింట మూడుసార్లే. ఆ మూడింట్లో మాత్రం భారీగా వస్తుంది. ఏసీ వ్యాపారం లాటరీలా అనిపించడానికి కారణం ఇదే.

ఇప్పుడు రెండు రూపాయల వడ్డీ రైతు దగ్గరికి మళ్లీ వెళ్దాం. ఇదే అంచనా ప్రకారం సరుకు దాస్తే తరుగు, చేతి ఖర్చులు పోను వడ్డీకి ముందు సగటున మిగిలేది క్వింటాకి రూ.207, అంటే ఆరు నెలలకి 1.6 శాతం. అదే సరుకు మార్చిలో అమ్మి అప్పు తీరిస్తే ఆరు నెలల్లో మిగిలే వడ్డీ 12 శాతం. అదీ ఖాయంగా, ఏ తుపానుతోనూ పనిలేకుండా. అప్పు ఉన్నంతవరకు సరుకుని అప్పుకే అప్పజెప్పడం మేలు.

ఒక మాట ఒప్పుకోవాలి. ఈ లెక్క సెప్టెంబరు దాకా కళ్లు మూసుకుని ఆగుతామని అనుకుంటోంది. నిజంగా దాచినవాడు జులైలో రేటు లేస్తే జులైలోనే అమ్ముకోవచ్చు. ఆ వెసులుబాటుకి విలువ ఉంది. రోజూ మార్కెట్‌లో ఉండి, రేటు వచ్చినప్పుడు చేయి కదిలించగలిగే వ్యాపారికి ఆ విలువ ఎక్కువ. ఇంకొంచెం పెరుగుతుందని ప్రతిసారీ ఆగేవాడికి దాదాపు సున్నా.

బాండు మీద అప్పు

ఏసీలో సరుకు పెడితే ఇచ్చే బాండుని తాకట్టు పెట్టి బ్యాంకులో అప్పు తీసుకోవచ్చు. రూ.26 లక్షల సరుకు మీద 70 శాతం ఇస్తే రూ.18.2 లక్షలు. సొంత డబ్బు రూ.7.8 లక్షలు మాత్రమే అందులో ఉంటుంది. ధర రూ.10,000కి పడితే సరుకు విలువ రూ.20 లక్షలు. పడింది 23 శాతమే, సొంత డబ్బులో పోయింది రూ.6 లక్షలు, అంటే 77 శాతం. వడ్డీ అదనం. 70 శాతం నిబంధన ప్రకారం ఇప్పుడు బ్యాంకు ఒప్పుకునే అప్పు రూ.14 లక్షలే గనక మిగతా రూ.4.2 లక్షలు కట్టమంటుంది. ధర మళ్లీ లేస్తుందేమో, లేవచ్చు కూడా, కానీ అప్పటిదాకా ఆగే హక్కు మన చేతిలో ఉండదు. అప్పుగా వచ్చిన ఆ రూ.18.2 లక్షలతో ఇంకో 140 క్వింటాళ్లు కొని వాటినీ తాకట్టు పెట్టేవాళ్లున్నారు. వాళ్ల టెన్షన్ మాటల్లో చెప్పేది కాదు.

అప్పు కట్టలేకపోతే ఏమవుతుందన్నది చట్టం చెబుతుంది. భారత కాంట్రాక్టు చట్టం సెక్షన్ 176 ప్రకారం తాకట్టు పట్టినవాడు తగిన నోటీసు ఇచ్చి సరుకు అమ్ముకోవచ్చు. అమ్మితే వచ్చింది చాలకపోతే మిగతా బాకీ అప్పు తీసుకున్నవాడి మీదే ఉంటుంది. 'సరుకు తీసుకుపోయారు, అప్పు తీరిపోయింది' అనుకోవడం ఒట్టి భ్రమ.

బాండు ఎవరి పేరున ఉందన్నది ఇంకా పెద్ద సంగతి. తెలిసిన కమీషన్ వ్యాపారే కదా అని రైతు తన సరుకుని ఆయన పేరున పెట్టిస్తాడు. అదే చట్టం సెక్షన్ 178 ప్రకారం, యజమాని సమ్మతితో సరుకు గానీ దాని హక్కు పత్రాలు గానీ చేతిలో ఉన్న వర్తక ఏజెంటు, తన వ్యాపార రీతిలో వాటిని తాకట్టు పెడితే, తీసుకున్నవాడు మంచి నమ్మకంతో తీసుకుని ఉంటే, ఆ తాకట్టు చెల్లుతుంది. తన సరుకు మీద ఇంకొకరి అప్పు ఉందని రైతుకి తెలిసేది విడిపించుకోవడానికి వెళ్లిన రోజునే. 2007 నాటి గోదాముల చట్టం కింద రిజిస్టరైన గోదాముల్లో ఎలక్ట్రానిక్ రసీదులు వచ్చింది ఇలాంటి గొడవలు తగ్గడానికే.

కోల్డ్ స్టోరేజీలో అగ్నిప్రమాదం జరిగితే యజమాని ప్రతి గింజకీ లెక్క చెప్పాలన్న నియమం లేదు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 151 అడిగేది ఒక్కటే: మామూలు తెలివైన మనిషి తన సొంత సరుకుని చూసుకున్నంత జాగ్రత్తగా చూశాడా? చూసి ఉంటే, వేరే ఒప్పందం లేకపోతే, నష్టం సరుకు పెట్టినవాడిదే. బీమా ఉందిగా అంటారు. మార్చిలో రూ.13,000 లెక్కన రూ.26 లక్షలకి బీమా చేసి వదిలేశారు. ఆగస్టుకి ధర రూ.18,000 అయింది, సరుకు విలువ రూ.36 లక్షలు. సగం సరుకు కాలిపోయింది. నష్టం రూ.18 లక్షలు. విలువ కన్నా తక్కువకి బీమా చేస్తే పరిహారం కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుందన్న నిబంధన అగ్నిబీమా పాలసీల్లో మామూలే. దాని ప్రకారం వచ్చేది రూ.13 లక్షలు. రేటు పెరిగిందన్న సంతోషంలో పాలసీని ఎవరూ గుర్తు తెచ్చుకోరు.

అందుకే అసలు తేల్చాల్సింది 'పెట్టాలా వద్దా' కన్నా 'ఎంత పెట్టాలి' అన్నది. ధర రూ.10,500కి పడితే ఖర్చులు, తరుగు, 12 శాతం వడ్డీ కలిపి క్వింటాకి రూ.4,150 పోతుంది. 200 క్వింటాళ్లకి రూ.8.3 లక్షలు. అంత పోయినా వచ్చే ఏడు వ్యాపారంలో ఉండగలమా? లేకపోతే 100, అదీ కుదరకపోతే 50. అప్పు తీరేంత మార్చిలో అమ్మి, తట్టుకోగలిగినంత దాచి, అందులోనూ కొంత నాట్ల కబురు రాగానే వదిలించుకునేవాడు ఊరంతా చెప్పుకునే కథలో హీరో కాడు గానీ, పదేళ్ల తర్వాత కూడా యార్డులో కనిపిస్తాడు.

అమ్మినా పని అయిపోలేదు

సెప్టెంబరులో ఇద్దరు కొనుగోలుదారులు వచ్చారు. ఒకరు రూ.15,000 నగదు ఇస్తామన్నారు. ఇంకొకరు రూ.15,500, కాకపోతే 60 రోజుల అప్పు. రెండు నెలలకి వడ్డీ 2 శాతం కాబట్టి నగదు రూ.15,000 అప్పటికి రూ.15,300తో సమానం. మిగిలిన తేడా రూ.200. ఇలాంటి అమ్మకాలు వెయ్యి చేస్తే అందులో 13కి డబ్బు మునిగితే చాలు, ఆ తేడా మొత్తం పోతుంది. ఈ మార్కెట్‌లో ఐపీ పెట్టేవాళ్లు వెయ్యికి పదముగ్గురేనా అన్నది ఎవరికి వాళ్లు వేసుకోవాల్సిన లెక్క.

45 రోజుల్లో డబ్బు ఇవ్వాలన్న చట్టం ఉందని ధీమాగా ఉండేవాళ్లూ ఉన్నారు. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) చట్టంలో ఆ నియమం ఉంది. రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజులు, లేకపోతే 15. దాటితే బ్యాంకు రేటుకి మూడింతలు చక్రవడ్డీ. 2023-24 నుంచి అయితే సూక్ష్మ, చిన్న పరిశ్రమలకి గడువులో చెల్లించని మొత్తాన్ని, చెల్లించేదాకా ఆదాయపు పన్నులో ఖర్చుగా చూపించే వీల్లేదు. ఈ రక్షణ కారం పట్టించి అమ్మే రిజిస్టరైన యూనిట్‌కి దొరుకుతుంది. మిర్చి కొని అమ్మే వ్యాపారికి దొరకదు. 2021లో వ్యాపారుల్ని ఎంఎస్ఎంఈల్లో చేర్చింది బ్యాంకు రుణాల్లో ప్రాధాన్యం కోసమే తప్ప బకాయిల వసూలు కోసం కాదు.

ఇక మిగిలేది చెక్కు. చెక్కు తేదీ నుంచి మూడు నెలల్లోపు బ్యాంకులో వేయాలి. బౌన్సయినట్టు బ్యాంకు చెప్పిన 30 రోజుల్లోపు రాతపూర్వక నోటీసు పంపాలి. నోటీసు అందాక 15 రోజుల గడువు. అప్పటికీ ఇవ్వకపోతే నెలలోపు కోర్టులో ఫిర్యాదు. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద రెండేళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా పడవచ్చు. కేసు దెబ్బతినేది చాలాసార్లు ఈ తేదీల దగ్గరే. 'వచ్చే వారం ఇస్తానండి' అన్న మాట నమ్మి 30 రోజులు దాటనిస్తారు. గడువు మిగిలుంటే చెక్కుని మళ్లీ వేసి కొత్తగా మొదలుపెట్టవచ్చు. మూడు నెలలూ దాటిపోతే చేతిలో మిగిలేది మామూలు సివిల్ దావా. దానికి మూడేళ్ల కాలపరిమితి ఉంది, తక్‌పట్టీ (అమ్మకం లెక్క చీటీ), తూకం చీటీ, బిల్లు లాంటి కాగితాలు చూపించాల్సి ఉంటుంది. నోటిమాట ఒప్పందం కూడా చట్టంలో చెల్లుతుంది. కోర్టులో దాన్ని రుజువు చేయాల్సింది మాత్రం డబ్బు రావాల్సినవాడే.